తోటలో నేరో గేజ్ మోడల్ రైలు: మట్టి పని నుంచి తుప్పు రంగు దాకా

కొండ అడ్డొస్తే పెద్ద రైలు మార్గం సొరంగం తవ్వుకుని తిన్నగా పోతుంది. నేరో గేజ్ లైను, అంటే రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) తక్కువగా ఉండే లైను, కొండ చుట్టూ వంపు తిరుగుతుంది. తిరగడానికి చోటు చాలకపోతే కాస్త వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు ఎక్కుతుంది. 1879లో మొదలై 1881లో పూర్తయిన డార్జిలింగ్ లైను నిండా ఇలాంటి చుట్లూ, జిగ్‌జాగ్‌లే. పట్టాల మధ్య దూరం రెండడుగులే కాబట్టి అంత బిగువైన వంపులు సాధ్యమయ్యాయి.

తోటలో మీకు ఎదురయ్యేదీ ఇదే: చోటు తక్కువ, నేల ఎగుడుదిగుడు, మధ్యలో చెట్లు, నీటి పైపులు. అందుకే తోటకు నేరో గేజ్‌ను మించింది లేదని నా నమ్మకం. చిన్న ఇంజను, మూడు పొట్టి వ్యాగన్లు, మెలికల దారి: అసలు లైన్లు కూడా ఇలాగే ఉండేవి కాబట్టి చూసేవాళ్లకు ఏదీ కుదించినట్టు అనిపించదు. ఈ పనంతటికీ ఒకటే సూత్రం పెట్టుకోండి. నేలను బట్టి లైను వేయండి, లైను కోసం తోటంతా చదును చేయకండి.

స్కేలు, గేజ్ ముందే తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే కొన్న సామాను ఒకదాని పక్కన ఒకటి నప్పదు. తోట రైళ్లలో రెండు గేజ్‌లు ఎక్కువగా వాడతారు: 32 మిల్లీమీటర్లు, 45 మిల్లీమీటర్లు.

రెండడుగుల లైను (610 మి.మీ.) మోడల్ చేయాలంటే 32 మి.మీ. పట్టాల మీద 1:19 స్కేలు (అసలుదానిలో పందొమ్మిదో వంతు) చక్కగా సరిపోతుంది. అసలు లైనులో ఒక అడుగు మోడల్‌లో 16 మి.మీ. అవుతుంది. డార్జిలింగ్ తరహా లైను, గనుల లైను, పెద్ద ఎస్టేట్ తోటల్లో పంట మోసే లైను ఏది కావాలన్నా ఇదే దారి. మీటర్ గేజ్ ఇష్టమైతే 45 మి.మీ. పట్టాలు, 1:22.5 స్కేలు తీసుకోండి. 1968లో ఎల్‌జీబీ కంపెనీ తెచ్చిన తోట రైలు కొలత ఇదే, సామాను కూడా దీనికే ఎక్కువ దొరుకుతుంది. కొలరాడో కొండల్లో నడిచిన మూడడుగుల లైన్ల లాంటివి కావాలంటే అవే 45 మి.మీ. పట్టాల మీద 1:20.3 స్కేలు వాడాలి.

ఒక జాగ్రత్త. డబ్బా మీద ‘జీ స్కేల్’ అని ఉన్నంత మాత్రాన లోపలిది మీ స్కేలే అనుకోకండి. 1:22.5, 1:29, 1:32 అన్నీ ఒకే 45 మి.మీ. పట్టాల మీద నడుస్తాయి. చివరి రెండూ స్టాండర్డ్ గేజ్ మీద నడిచే పెద్ద రైళ్ల మోడళ్లు. మీ నేరో గేజ్ స్టేషన్ ముందు వాటిని నిలబెడితే పెద్ద రైలు చిన్నదిగా, చిన్న రైలు పెద్దదిగా కనిపిస్తుంది. ఏది కొనేముందైనా స్కేలు అంకె అడగండి. తలుపు ఎత్తు కొలిచినా తెలిసిపోతుంది: రెండు మీటర్ల తలుపు 1:19లో సుమారు 105 మి.మీ., 1:22.5లో 89 మి.మీ. ఉండాలి.

పార ముట్టుకోకముందు

జోరున వాన పడుతున్నప్పుడు తోటలో నిలబడి చూడండి. నీళ్లు ఎటు పారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎన్ని గంటలకు ఇంకుతున్నాయి అన్నది కాగితం మీద గుర్తు పెట్టుకోండి. నీళ్లు నిలిచే చోట పట్టాలు వేస్తే మొదటి వానలకే కుంగిపోతాయి. తప్పనిసరిగా అటే వెళ్లాల్సి వస్తే అక్కడ వంతెన కట్టాలి. నిజమైన అవసరం కోసం కట్టిన వంతెన కాబట్టి అందంగానూ ఉంటుంది.

వేగంగా వేళ్లు పరిచే చెట్లకు దూరంగా ఉండండి. ఆకులు బాగా రాలే చెట్టు కింద పాయింట్లు (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లే చోట్లు) పెట్టకండి. భూమిలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసుకున్నాకే తవ్వండి.

తర్వాత ఒక పొడవాటి హోస్ పైపు తెచ్చి, అనుకున్న దారి వెంట నేల మీద పరవండి. కొన్ని రోజులు అలాగే ఉంచి, మీరు కూర్చునే చోటు నుంచి, కిటికీలోంచి, గేటు దగ్గర నుంచి చూడండి. లైను అంతా ఒకే చూపులో కనిపిస్తుంటే ఒక పొద వెనక్కో, రాయి చాటుకో కాస్త మళ్లించండి. రైలు కనుమరుగై మళ్లీ కనిపిస్తేనే ఎక్కడికో వెళ్లొచ్చిందనిపిస్తుంది.

వంపులు, వాలు

వంపు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. ఎల్‌జీబీ అతి చిన్న వంపు 600 మి.మీ. వ్యాసార్థం. చిన్న నాలుగు చక్రాల ఇంజన్లు దాని మీద తిరుగుతాయి గానీ పొడుగు పెట్టెలు ఇబ్బంది పడతాయి, చూడ్డానికీ బాగుండదు. చోటుంటే 1.2 మీటర్లకు తగ్గకండి. ఆ వ్యాసార్థంతో పూర్తి చుట్టు తిరగడానికి ఏడున్నర మీటర్ల పట్టాలు పడతాయి, అంతే. ఎడమ వంపు వెంటనే కుడి వంపు రాకుండా, మధ్యలో మీ పొడవైన పెట్టె పట్టేంత తిన్నని ముక్క వేయండి. లేకపోతే కొక్కేలు పక్కలకు లాగి చక్రాలు దిగిపోతాయి.

వాలు 1:50 దాటనీయకండి. అంటే మీటరుకు రెండు సెంటీమీటర్లు. లైను తన మీదుగా తానే దాటాలంటే కింద దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. 1:50 వాలులో అంత ఎక్కడానికి పన్నెండున్నర మీటర్లు పోవాలి. ఈ లెక్క వేసుకోకుండా మొదలుపెట్టినవాళ్లు చివరి రెండు మీటర్లలో మిగిలిన ఎత్తంతా ఎక్కించబోతారు, అక్కడ ఇంజను చక్రాలు ఒకేచోట గిర్రున తిరుగుతాయి. వంపులో ఎక్కడం మరీ కష్టం కాబట్టి వంపు దగ్గర వాలు ఇంకా తగ్గించండి.

తోట మరీ ఏటవాలుగా ఉంటే డార్జిలింగ్ పద్ధతి వాడండి. జిగ్‌జాగ్‌లో మలుపు చివర ఉండే ముక్కు లైను మీ పూర్తి రైలు కంటే ఒక జానెడు ఎక్కువ పొడవుండాలి, బల్లపరుపుగా ఉండాలి. ఇంజను, మూడు వ్యాగన్ల రైలుకు మీటరున్నర చాలు.

స్టేషన్, సైడింగ్‌లు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు), పాయింట్లు మాత్రం పూర్తిగా సమతలం మీదే పెట్టండి. వాలులో వదిలిన వ్యాగను మీరు వెనక్కి తిరిగేలోపు పూలమొక్కల్లో ఉంటుంది.

పట్టాల కింది పని

సమయం, ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. పట్టాలు తర్వాత మార్చుకోవచ్చు, ఇంజను మార్చుకోవచ్చు. కింద నేల సరిగ్గా లేకపోతే ఏది మార్చినా ఫలితం ఉండదు.

నేల మీదే వేసే లైనుకు ఒక జానెడు వెడల్పు, సుమారు 15 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వండి. అడుగున మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టండి. దాని మీద కలుపు రాకుండా, నీళ్లు మాత్రం దిగేలా ఉండే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. ప్లాస్టిక్ షీటు వద్దు, నీళ్లు ఆగిపోతాయి. గుడ్డ మీద 20 మి.మీ. కంకర పది సెంటీమీటర్ల మందం పోసి మళ్లీ కొట్టండి. ఆపైన 6 మి.మీ. చిప్స్, రాతిపొడి కలిపి పరిచి, తడిపి, దిమ్మిస వేయండి. రాతిపొడి సందుల్లోకి దిగి గట్టిపడుతుంది. పైభాగం చుట్టూ ఉన్న నేల కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంచండి, లేకపోతే మట్టి కొట్టుకొచ్చి పట్టాల మీద పడుతుంది.

కాంక్రీటు పోయొచ్చా? పోయొచ్చు. రైలు ఎక్కువ బరువున్నా, నేల మెత్తటి బంకమట్టైనా అదే మంచిది. కాకపోతే దారి మార్చాలనిపించినప్పుడు సుత్తి పట్టుకోవాలి. మొదటి లైనుకు కంకరే వాడమంటాను. రెండేళ్లు నడిపాక ఎక్కడ వంపు వెడల్పు చేయాలో, ఎక్కడ సైడింగ్ కావాలో మీకే తెలుస్తుంది.

వంగి పని చేయలేనివాళ్లూ, ఆవిరి ఇంజను నడపాలనుకునేవాళ్లూ నడుము ఎత్తు లైను ఆలోచించండి. కుళ్లని ప్లాస్టిక్ దూలాలు లేదా రసాయనం పట్టించిన చెక్క దూలాలు నిలబెట్టి, వాటి మీద రెండు సన్నటి పట్టీలను వంపు ప్రకారం వంచి, మధ్యలో చెక్క ముక్కలు బిగిస్తే నిచ్చెన లాంటి మార్గం తయారవుతుంది. నీళ్లు కిందికి జారిపోతాయి, కలుపు గోల ఉండదు.

ఏ పద్ధతైనా రసమట్టం చేతిలోంచి దించకండి. పొడవు వెంట వాలు చూడడం ఒకటైతే, అడ్డంగా రెండు పట్టాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది అంతకంటే ముఖ్యం. తోటలో రైళ్లు పడిపోయే చోట చాలాసార్లు అడ్డంలో తేడా కనిపిస్తుంది. సొరంగం కడితే మధ్య దాకా రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. అందనంత పొడవైతే పైకప్పు ఎత్తడానికి వీలుగా కట్టండి.

పట్టాలు పరచడం

ఇత్తడి పట్టాలు తోటకు బాగా తట్టుకుంటాయి. కోడ్ 332 అంటే పట్టా ఎత్తు 0.332 అంగుళం, 8.4 మి.మీ. కాలు పడినా వంగదు గానీ నేరో గేజ్‌కు కొంచెం మోటుగా కనిపిస్తుంది. కోడ్ 250 (6.35 మి.మీ.) పట్టాలు అందంలోనూ, బలంలోనూ మధ్యస్తం. 32 మి.మీ. లైనుకు కోడ్ 200 పట్టాలు చాలామంది వాడతారు. అవి సన్నగా, అసలు ఎస్టేట్ లైనులా ఉంటాయి. మనుషులు, కుక్కలు తిరిగే చోటు మాత్రం తప్పించాలి. స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) ప్లాస్టిక్‌వైతే ఎండకు పెళుసెక్కని రకమేనా అని చూసుకోండి.

ఎండకు లోహం సాగుతుంది. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల తేడాకు సుమారు ఏడున్నర మి.మీ. పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వకపోతే మధ్యాహ్నానికి లైను పాములా మెలికలు పడుతుంది. మీటరున్నర ముక్కలైతే చల్లటి పూట వేసేటప్పుడు ఒక్కో అతుకులో ఒక మి.మీ. సందు వదలండి. మండుటెండలో వేస్తుంటే సందు అక్కర్లేదు. లైనును నేలకు అంగుళం అంగుళం బిగించకండి. పాయింట్ల దగ్గర, స్టేషన్ దగ్గర పట్టి ఉంచి, మిగతాది కంకరలో కదిలేలా వదిలేయండి.

వంపు పట్టాలను చేత్తో లాగి వంచితే చివర్లు తిన్నగానే ఉండిపోయి, అతుకు దగ్గర మూల ఏర్పడుతుంది. పట్టాలు వంచే రోలర్ పరికరం వాడండి, రెండు పట్టాలనూ ఒకేసారి వంచేది ఉంటే మరీ మంచిది. కోసిన ప్రతి చివరనూ ఆకురాయితో గరుకు పోయేదాకా రుద్దండి. వేలు పెట్టి రాస్తే మెట్టు తగలకూడదు.

కంకర పోయకముందే రైలు నడపండి. అన్నిటికంటే పొడవైన పెట్టెను మెల్లగా తోస్తూ మొత్తం చుట్టండి. వంపుల్లో పెట్టె మధ్యభాగం లోపలికి, మూలలు బయటికి వస్తాయి. అట్టముక్కతో ఆ వెడల్పూ, ఎత్తూ కత్తిరించి దగ్గర పెట్టుకుంటే, ఇకపై ఏ గోడ కట్టినా, ఏ మొక్క నాటినా దాంతోనే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు కంకర. 2 నుంచి 4 మి.మీ. కోణాలున్న రాతిముక్కలు కావాలి. గుండ్రటి ఇసుక గులకలు కాలికింద జారినట్టే స్లీపర్ల కింద జారిపోతాయి. జల్లెడ పట్టి, కొంచెం రాతిపొడి కలిపి, స్లీపర్ల మధ్య నింపి, కుంచెతో సర్ది, సన్నటి తుంపరతో తడపండి. పాయింట్ల నాలుకల దగ్గర కంకర పలచగా వేయండి. ఒక్క ముక్క ఇరుక్కుంటే పాయింటు మూసుకోదు.

ఏ శక్తితో నడపాలి

పట్టాల్లో కరెంటు పెడితే ఇంజన్లు తేలిగ్గా దొరుకుతాయి. కాకపోతే ప్రతిసారీ పట్టాలు తుడవాలి, ప్రతి అతుకూ బిగుతుగా ఉండాలి. ఇంటి కరెంటు నుంచి వచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ను పొడిగా ఉండే చోట, లోపలే ఉంచండి. తోటలోకి తక్కువ వోల్టేజీ తీగలు మాత్రమే రావాలి. ఇందులో రాజీ వద్దు.

బ్యాటరీ, రిమోట్ కంట్రోల్ నా మొదటి సలహా. పట్టాలు మురికిగా ఉన్నా నడుస్తుంది, తీగల పని లేదు, లైను తిరిగి తన మీదకే వచ్చే చుట్టు వేసినా షార్ట్ సర్క్యూట్ టెన్షన్ ఉండదు. లిథియం బ్యాటరీ అయితే రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనండి.

నిజమైన ఆవిరి ఇంజను ఆనందం వేరు. వేడి నూనె వాసన, ఎక్కేటప్పుడు మారే చప్పుడు మరే ఇంజనూ ఇవ్వదు. దానికి స్వేదనజలం, స్టీమ్ ఆయిల్, బ్యూటేన్ గ్యాస్ కావాలి. గ్యాస్ నింపేటప్పుడు కొంత బయటికి చిమ్ముతుంది, కాబట్టి మంట ఉన్న మరో ఇంజనుకు దూరంగా, ఆరుబయటే నింపండి. ప్రతిసారీ సేఫ్టీ వాల్వ్ విడుదలవుతోందో లేదో చూడండి. రిమోట్ లేని ఆవిరి ఇంజను ఎక్కడంలో ఆగిపోతుంది, దిగడంలో పరుగెడుతుంది. అలాంటిదాన్ని నడపాలంటే లైనంతా సమతలంగానే వేయాలి.

ఈ లైను ఏం మోస్తుంది?

మెరుగులు దిద్దే ముందు ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి. నేరో గేజ్ లైన్లు చాలావరకు ఒక సరుకు కోసం పుట్టాయి. వేల్స్‌లోని ఫెస్టినియోగ్ లైను 1836లో పలకరాయి దింపడానికి మొదలైంది. నిండు వ్యాగన్లు వాలు మీద తమంతట తామే రేవుకు దిగేవి, ఖాళీవాటిని గుర్రాలు పైకి లాగేవి. ఆవిరి ఇంజన్లు 1863లో వచ్చాయి. మీ లైను రాయి మోస్తుందా, కలప మోస్తుందా, పంట మోస్తుందా? అది తేలితే మిగతావన్నీ దాని వెంట వస్తాయి. క్వారీ తోటలో ఎత్తైన చోట ఉండాలి, రేవు కిందికి రావాలి. రాతి వ్యాగన్లకు పక్కలు పొట్టిగా ఉంటాయి, లోపల రాపిడికి రంగు పోయి ఉంటుంది. సరుకు ఎక్కించే చోట నేల మీద రాలిన ముక్కలుంటాయి. సరుకు ఏదో తేల్చుకోకుండా కొన్న బొమ్మ ఇళ్లు ఎన్ని పెట్టినా లైనుకు ప్రాణం రాదు.

సరుకు నిజమైనదే వాడండి. పగలగొట్టిన రాయి, ఎండిన సన్న కొమ్మల దుంగలు. ప్లాస్టిక్ బొగ్గును ఎండలో ఎవరైనా పసిగడతారు.

స్టేషన్ పెద్దదిగా కట్టకండి. చాలా నేరో గేజ్ స్టేషన్లలో ప్లాట్‌ఫారం పట్టాలతో దాదాపు సమానంగానే ఉండేది. ఒక గది, ఒక రేకు పందిరి, ఒక నీళ్ల ట్యాంకు, ఒక సైడింగ్ చాలు. గోడలకు పీవీసీ ఫోమ్ షీటు గానీ, అచ్చు పోసిన సిమెంటు గానీ వాడండి. అట్టా, మామూలు ప్లైవుడ్ వానకు నిలవవు. ఇళ్లకు కింద చిన్న రాతి పునాది వేయండి, నేరుగా మట్టి మీద పెడితే అడుగున తడి ఎక్కి రంగు లేస్తుంది. మనిషి బొమ్మ 1:19లో సుమారు 90 మి.మీ. ఉంటుంది. ఆ ఎత్తులో ఒక పుల్ల కోసుకుని జేబులో పెట్టుకోండి. మెట్టు, కిటికీ, కంచె ఏది చేసినా ఆ పుల్లను పక్కన నిలబెట్టి చూస్తే కొలత తప్పదు.

రంగు విషయంలో కొత్తవాళ్లు తుప్పు ఎక్కువ పూస్తారు. ముందు పట్టాల పక్కలకు మాత్రమే ముదురు గోధుమ రంగు వేయండి, పైభాగం వెంటనే తుడవండి. ఈ ఒక్క పనితో లైను రూపే మారిపోతుంది. వ్యాగన్లకు మెరుపు లేని యాక్రిలిక్ రంగు పలచగా, పొరలు పొరలుగా వేయండి: పైన ఎండకు వెలిసిన రంగు, కింద చక్రాల నుంచి ఎగిరిన దుమ్ము రంగు, ఇరుసు పెట్టెల దగ్గర నూనె మరక. ఒకటి రెండు పలకలను లేత రంగులో వదిలితే మరమ్మతు చేసిన పలకల్లా కనిపిస్తాయి. ఇంజను నిలిచే చోట పట్టాల మధ్య నల్లటి చుక్కలు వేయండి. ఆఖరున ఎండను తట్టుకునే మ్యాట్ వార్నిష్.

మొక్కలు ఆకు పరిమాణం చూసి ఎంచుకోండి. 1:19 స్కేలులో 20 సెంటీమీటర్ల పొద దాదాపు నాలుగు మీటర్ల చెట్టు. పెద్ద ఆకులుంటే ఆ భ్రమ చెదిరిపోతుంది. నేల మీద పాకే థైమ్, చిన్న సెడమ్ రకాలు, నీడలో నాచు, కత్తిరించి ఆకారం తెచ్చిన పొట్టి కోనిఫర్ బాగా కుదురుతాయి. లైనుకు దగ్గరగా పాకే మొక్క, దాని వెనక పొద, ఆ వెనక చెట్టు అన్న వరుస పాటిస్తే దూరం ఎక్కువగా ఉన్నట్టు తోస్తుంది. స్ప్రింక్లర్ నీళ్లు కంకరను కొట్టేస్తాయి, ఆ మొక్కలకు డ్రిప్ పైపు పెట్టండి.

నడిపే రోజు

ముందుగా చిన్న చీపురుతో లైను ఊడ్చి, పాయింట్లలో ఆకులు తీసి, ఒక ఖాళీ వ్యాగన్ తోసి చూడండి. వేగం తగ్గించండి. అసలు లైను గంటకు 20 కిలోమీటర్లు పోతే 1:19 మోడల్‌లో పది మీటర్లు దాటడానికి 34 సెకన్లు పట్టాలి. చాలామంది దీనికి మూడింతల వేగంతో నడుపుతారు, చేసిన మెరుగులేవీ కంటికి ఆనవు.

రైలు ఒకేచోట పదేపదే పడిపోతుంటే ముందు ఆ చోట అడ్డంగా రసమట్టం పెట్టండి. ఒకే వ్యాగను అన్నిచోట్లా పడుతుంటే దాని చక్రాల మధ్య దూరం, బాగా నడిచే వ్యాగన్ దూరంతో పోల్చి కొలవండి. మరీ తేలికైన వ్యాగనుకు అడుగున కొంచెం బరువు అంటించండి.

మొదటి వానాకాలంలో నేల కొంత కుంగుతుంది, అది మామూలే. కుంగిన చోట పట్టాలను పైకెత్తి, స్లీపర్ల కిందికి చిప్స్ కూరి, మట్టం చూసుకోండి. ఇళ్లూ, వంతెనలూ శాశ్వతంగా బిగించడం ఆ వానలు దాటాకే చేయండి. ఏడాదికోసారి అతుకులు విప్పి తుడిచి, కొంచెం కండక్టివ్ గ్రీజు రాసి బిగించండి. బ్యాటరీ, ఆవిరి లైన్లకు ఈ గ్రీజు అక్కర్లేదు, ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాల ముక్కలను కలిపే బద్ద) కదులుతోందో లేదో చూస్తే చాలు.